ఆటకు బహుమానము – అమ్మ మాటకు గౌరవము

మన పాఠశాల వార్షికోత్సవము నాడు బహుమాన ప్రదానము జరుగునప్పుడు సభలో కలుగు సంతోషము మీ రందఱు నెఱిగినదే. పరుగు పందెములో ముందు వచ్చినవానికి, పద్యమును తప్పు లేక చదివిన బాలికకు, కబడ్డీలో గెలిచిన జట్టునకు వేదికపైకి పిలుపు వచ్చును. పేరు వినబడగానే వెనుక వరుసలో నిలుచున్న తల్లి పైట చెంగుతో కన్ను లొత్తుకొనును. ఆ బహుమానము ఒక స్టీలు గిన్నెయో, చిన్న నిఘంటువో కావచ్చును. దాని వెల యెంతయని ఎవ్వరు నడుగరు. పదిమంది యెదుట "నీవు చేసిన పని మంచిది" అని పెద్దలచేత అనిపించుకొనుటయే దాని విలువ.

ఇట్టి యుత్సవమే ప్రతి సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని లాస్ ఏంజిలీస్ నగరమున జరుగుచున్నది. దాని పేరు 'ది గేమ్ అవార్డ్స్'. అక్కడ బహుమానములు పొందునవి వీడియో గేములు. అనగా మన పిల్లలు సెల్‌ఫోను మీదను, కంప్యూటరు మీదను ఆడుకొను ఆటలు. ఈ మాట విన్నతోడనే తల్లిదండ్రులలో కొందఱు నొసలు చిట్లింతురు. "ఆ ఆటలు మాన్పింపలేక మేము విసిగియుండగా, వానికి బహుమానములు కూడనా?" అని యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకును, ఆ యుత్సవములోని ఒక విశేషము మన యూళ్లకును మన భాషకును ఎట్లు సంబంధించునో చూపుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఒక సంగతి గమనింపవలెను. అక్కడి ముఖ్యమైన బహుమానములు ఆట ఆడినవారికి గాక, ఆటను నిర్మించినవారికి లభించును. నాటకమునకు బహుమాన మిచ్చునప్పుడు చూచినవారికి ఇత్తుమా? వ్రాసినవారికి, ఆడించినవారికి, సంగీతము కూర్చినవారికి ఇత్తుము. వీడియో గేము కూడ అట్టి నిర్మాణమే. దానికొక కథ యుండవలెను. బొమ్మలు గీయువారుండవలెను. పాటలు కట్టువారు, పాత్రలకు గొంతు నిచ్చువారు, లెక్కలు వేసి యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారు కావలెను. మన పిల్లవాడు గంటసేపు ఆడి పడవేయు ఆట వెనుక పలువురు సంవత్సరములకొలది పడిన శ్రమ యుండును. ఈ సంగతి ఆడువానికి తెలియదు. మాన్పింపబోవు తండ్రికిని తెలియదు.

ఈ యుత్సవమును జెఫ్ కీలీ అను పాత్రికేయుడు 2014 వ సంవత్సరమున స్థాపించెను. మొదటి సభ లాస్ వేగాస్ నగరమున జరిగెను. దేశదేశముల పత్రికలవారు నూటికి పైగా న్యాయనిర్ణేతలుగా నుందురు. తీర్పులో వారి పాలు నూటికి తొంబది. సామాన్య జనుల ఓట్ల పాలు పది. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడకు గొప్ప బహుమానము ఇత్తురు. అదిగాక కథకు, సంగీతమునకు, చిత్రకళకు, నటనకు వేఱువేఱు బహుమానములు గలవు. చూపు, వినికిడి తక్కువైనవారును, చేతులు సరిగా ఆడనివారును ఆడుకొనుటకు వీలుగా నిర్మించిన ఆటకు 2020 నుండి ప్రత్యేక బహుమాన మొకటి ఇచ్చుచున్నారు. సంఘమునకు మేలు చేయు భావము గల ఆటకు మఱొకటి గలదు. లండనులో 'బాఫ్టా' అను సంస్థ సినిమాలకు వలెనే ఆటలకును 2004 నుండి ప్రత్యేకముగా ఉత్సవము జరుపుచున్నది. పెద్ద కంపెనీల యండ లేని చిన్న బృందముల ఆటలకు అమెరికాలోనే 1999 నుండి వేఱొక బహుమాన సభ, 'ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్' అనునది, కలదు. లేపాక్షి బసవన్న పేరిట ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1964 నుండి చిరకాలము సినిమాలకు నంది బహుమానము లిచ్చిన సంగతి మన ప్రాంతమువారు బాగుగా ఎఱుగుదురు. లేపాక్షి మనకు పొరుగూరే కదా! ఒకప్పుడు సినిమాను కూడ పెద్దలు చెడు అలవాటుగానే యెంచిరి. పిదప అందులోని మంచిని ఎంచి గౌరవించుట నేర్చిరి. ఆటల విషయమునను ఇప్పు డదియే జరుగుచున్నది.

అయినను తల్లిదండ్రుల భయమును నేను తేలికగా తీసివేయను. అతిగా ఆడుట వలన చదువు చెడును, నిద్ర చెడును. ఆటను విడువలేని వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థయే రోగముల పట్టికలో చేర్చినది; ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలు ఎన్నో సంసారములను కూల్చినవి. ధర్మరాజు కథ చదివిన మనకు ఆ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. అందుచేతనే 2025 ఆగస్టు మాసమున భారత పార్లమెంటు ఒక చట్టము చేసి డబ్బు పణముగా పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. ఆ చట్టమే డబ్బు ప్రమేయము లేని ఆటలను, విద్య కుపకరించు ఆటలను ప్రోత్సహింపవలెనని కూడ చెప్పుచున్నది. అనగా జూదము వేఱు, ఆట వేఱు. రెండింటిని ఒకే గాట కట్టరాదు. పిల్లవాని చేతిలో ఫోను చూచినంతనే "జూదమాడుచున్నాడు" అని కోపపడు తండ్రి, వాడు ఆడుచున్న దేమో ఒక్క నిమిషము ప్రక్కన కూర్చుండి చూచుట మంచిది.

అట్లే ఆ మహోత్సవమును గూర్చియు గొప్పలు మాత్రమే చెప్పరాదు. అది బహుమాన సభ యెంతయో వ్యాపార సభయు నంతే. రానున్న ఆటల ప్రకటనలకు అక్కడ చాల కాలము పోవును. 2023 వ సంవత్సరపు సభలో బహుమానము పొందినవారు నాలుగు మాటలు మాటాడకముందే "ఇక ముగింపుడు" అను అక్షరములు వారి యెదుట తెరమీద వెలిగినవి. ఏండ్ల తరబడి శ్రమించినవారికి కృతజ్ఞత చెప్పుకొనుటకు అర నిమిషమా అని పలువురు నిందించిరి. ఆ నింద తగినదే. మన చిన్న సభలో ఐదవ తరగతి పిల్లవాడు తడబడుచు పద్యము చదువుచున్నప్పుడు ఎవ్వరు నడ్డుపడరు. ఈ విషయమున మనమే పెద్దమనుష్యులము!

ఇన్ని లోపములున్నను ఆ సభలలో మనవంటివారు కన్ను లార్పక చూడవలసిన విశేష మొకటి జరుగుచున్నది. చిన్న చిన్న భాషలవారు తమ అమ్మమాటతో ఆటలు నిర్మించి ప్రపంచముచేత మెప్పు పొందుచున్నారు. అట్టివి మూడు చెప్పెదను.

మొదటిది ఉత్తర ధ్రువమునకు దాపున అలాస్కాలో నుండు ఇనుపియాట్ అను జాతివారిది. మంచుగడ్డల నడుమ వేటాడి జీవించిన ప్రజలు వారు. ఆ భాష మాటాడువారు నేడు కొన్ని వేలమంది మాత్రమే. పిల్లలు పెద్దల కథలు వినుట మానుచున్నారని వారి సంఘము బాధపడి, ఆట నిర్మించువారితో కలిసి 2014 లో 'నెవర్ అలోన్' అను ఆటను చేయించినది. ఒక బాలిక, ఒక నక్క కలిసి మంచు తుపాను ఎక్కడనుండి పుట్టుచున్నదో వెదకుచు పోవుటయే అందలి కథ. కథ చెప్పు గొంతు ఆ జాతి భాషలోనే పలుకును. ఇంగ్లీషు దాని అడుగున అక్షరములుగా మాత్రమే వచ్చును. దానికి 2015 లో బాఫ్టావారి తొలి నిర్మాణ బహుమానము లభించినది.

రెండవది పసిఫిక్ మహాసముద్రములోని న్యూ కాలెడోనియా దీవులది. ఆ దీవులలో పుట్టిన మిత్రులు తమ ఊరి కొండలు, తమ సముద్రము, తమ పాటలు కూర్చి 2023 లో 'చియా' అను ఆట నిర్మించిరి. ఏలువారి భాష ఫ్రెంచి. ఐనను పాత్రలు ఫ్రెంచితో పాటు అక్కడి ద్వీపవాసుల భాషయగు డ్రెహులో మాటాడును, పాడును. నేను పైన చెప్పిన గేమ్ అవార్డ్స్ సభలో సంఘమునకు మేలు చేయు ఆట యను బహుమానమును ఆ సంవత్సరము ఇదియే గెలుచుకొన్నది.

మూడవది మనకు మఱింత దగ్గఱిది. దాని పేరు 'వెణ్బా'. కెనడాలోని టొరాంటో నగరమున ఒక తమిళ యువకుడు, అతని చిన్న బృందము కలిసి 2023 లో దానిని నిర్మించిరి. అందులో తుపాకులు లేవు, రాక్షసులు లేరు. తమిళ దేశమునుండి కెనడాకు పోయిన దంపతులు, వారి కొక కుమారుడు. తల్లి తన తల్లి యిచ్చిన వంటల పుస్తకమును వెంట తీసికొనిపోవును. అది చినిగి, మఱకలు పడి, కొన్ని పంక్తులు చెఱిగిపోయి యుండును. ఆడువారు ఆ చెఱిగిన మాటలను ఊహించి, ఇడ్లీ ఎట్లు వండవలెనో, పుట్టు ఎట్లు వండవలెనో కనుగొనవలెను. ఇడ్లీ పళ్లెములను ఒకదానిపై ఒకటి ఏ తీరుగా అమర్చవలెనో తెలియక ఆ దేశపు పిల్లలు తికమకపడిరట! మన యింటి ఐదేండ్ల పిల్ల ఆ పని కన్నులు మూసికొని చేయగలదు. కొడుకు పెరిగినకొలది ఇంగ్లీషులో మునిగి, తల్లి మాటకు తమిళమున బదులు చెప్పుట మానును. తుదకు పెద్దవాడై, తానే ఆ పుస్తకమును చేతబట్టి అక్షరములు కూడబలుకుకొనవలసివచ్చును. కథ యింతే. ఇంతటి కథకు 2024 లో బాఫ్టావారి తొలి నిర్మాణ బహుమానమును, ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌వారి మహా బహుమానమును లభించినవి. కోట్లకొలది డబ్బు గుమ్మరించిన ఆటలు చేయలేని పని ఒక తల్లి వంటల పుస్తకము చేసినది.

వెణ్బా అనునది ఆ తల్లి పేరు. తమిళమున ఒక ప్రాచీన పద్య ఛందస్సు పేరును అదియే. మనకును ఛందస్సులకు లోటు లేదు. వేమన్న చేతిలో వెలిగిన ఆటవెలదిలో ఆట యను మాట పేరులోనే యున్నది. ఛందస్సు పేరులోనే ఆట నుంచుకొన్న భాష, ఈ క్రొత్త ఆటల సభలో మాటాడక నిలుచున్నది. 2011 జనాభా లెక్కలను బట్టి మన దేశమున తెలుగు మాటాడువారు 8 కోట్ల 11 లక్షలమంది. ఐనను తెలుగున కథ చెప్పిన ఆట గేమ్ అవార్డ్స్ వేదిక నెక్కలేదు. భారతదేశమునుండి పూనా నగరపు బృందము నిర్మించిన 'రాజీ' అను ఆట 2020 లో అక్కడ తొలి నిర్మాణముల పోటీకి ఎంపికైనది. దుర్గాదేవి, విష్ణుమూర్తి కథ చెప్పుచుండగా ఒక బాలిక తన తమ్ముని వెదకుట దాని యితివృత్తము. బహుమానము రాకపోయినను ఆ తలుపు మూసియుండలేదని అది రుజువు చేసినది.

ఇది గొప్ప నగరములవారి సంగతి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము ప్రాంతపు పిల్లలకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదని నాకు తరగతి గదిలోనే తెలిసినది.

ఒక దినము తొమ్మిదవ తరగతి పిల్లలను, మీకు తెలిసిన ఆట నొకదానిని తెలుగులో వివరింపుడని యడిగితిని. ఒక బాలుడు లేచి తన ఫోను ఆటను గూర్చి యిట్లు చెప్పెను: "సార్, ఫస్టు లెవెల్‌లో ఎనిమీలు తక్కువ. గన్ అప్‌గ్రేడ్ చేసుకుంటే బాసును కిల్ చేసేది ఈజీ." తెలివైన పిల్లవాడు, చక్కగానే చెప్పినాడు. కాని అతని వాక్యములో తెలుగు దారపు ముక్కవలె మిగిలినది, పూలన్నియు పరాయివి. పిమ్మట ఒక బాలిక లేచి పులిమేక ఆటను గూర్చి చెప్పెను: "పులికి దోవ లేకుండా మేకల్ని కట్టల్ల సార్. ఒంటి మేకను పులి ముందర ఇడిస్తే ఎగిరి తినేస్తుంది. మా అవ్వ నేర్పిచ్చింది." ఎంత నిండైన మాటలు! మూడు పులులు, పదునైదు మేకలు, బండమీద సుద్దతో గీసిన గీతలు. దానికి కావలసిన భాషయంతయు ఆ పిల్లకు అవ్వ నోటినుండి ఆటతో పాటే వచ్చినది.

ఈ యిద్దఱిలో భేదము తెలివిలో లేదు. తెలుగుపై ప్రేమలోను లేదు. ఆటలోనే యున్నది. బిడ్డ ఏ భాషలో ఆట నేర్చునో ఆ భాషలోనే దానిని తలచును. గెలుపు, ఓటమి, ఎత్తు, పైయెత్తు, భయము, ఉపాయము - ఇన్నిటికిని మాటలను ఆటయే ఇచ్చును. పుస్తకము పిలిచినను రాని పిల్లవానిని ఆట పిలువకయే రప్పించును. అట్టి శక్తిగల వస్తువును ఇతరులు నిర్మించుచుండగా మనము కొని ఆడుచుండుటయో, తిట్టి దాచుటయో మాత్రమే చేసినచో, మన పిల్లల నోట ఏ మాటలు నిలుచునో ఇతరులే నిర్ణయింతురు. తిట్టుట వలన ఫోను దాగునేమో కాని, మాట తిరిగి రాదు.

మన ప్రాంతపు స్థితి మఱింత సున్నితమైనది. 2007 లో కోలారు నుండి విడివడి ఏర్పడిన ఈ చిక్కబళ్లాపుర జిల్లాలో, అందును బాగేపల్లి వైపున, ఇంటి మాట తెలుగు. కచేరి మాట కన్నడము. ఉద్యోగమునకు కోరు మాట ఇంగ్లీషు. కన్నడము మనకు పరాయిది కాదు. అన్నము పెట్టు నేల భాష అది. దానిని శ్రద్ధతో నేర్చుట మన ధర్మము. చింతామణి దాపున కైవారములో వెలసిన నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పి రెండు భాషలవారికిని గురువైనాడు. మనకు చూపిన త్రోవ అది. ముద్దేనహళ్లిలో పుట్టి కన్నడ దేశమంతట కీర్తి గాంచిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు ఆంధ్రదేశములోని యూరిదే. ఇచ్చట రెండు భాషలు తగవులాడుకొనలేదు. ఒకే అరుగుమీద కూర్చున్నవి. మనము 'పులిమేక' యనునది కన్నడమువారికి 'ఆడు హులి' ఆట; గీతలు అవియే, ఎత్తులు అవియే.

కాబట్టి ప్రమాదము పొరుగు భాషవలన రాదు. ఏ క్రొత్త పనికిని పిలువబడకపోవుట వలన భాష క్షీణించును. "నీళ్లు తెమ్ము, పశువును కట్టుము, అన్నము తినుము" అను మాటలకే తెలుగు పరిమితమై, ఆనందించుటకు, ఆలోచించుటకు, క్రొత్తవి కల్పించుటకు వేఱు భాష కావలసివచ్చినప్పుడు అది వంటింటి మూల కూర్చున్న ముసలమ్మవలె అగును. అందఱు ప్రేమింతురు, ఎవ్వరు నాలోచన యడుగరు. మన రాజ్యాంగములోని 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కు గొప్పదే. కాని చట్టము పాఠశాల నీయగలదు గాని, సాయంకాలము ఐదు గంటల తరువాతి కాలమును ఈయలేదు. బడి విడిచిన పిమ్మట పిల్లవాడు ఏ భాషలో ఆడుకొనునో అది మన చేతిలోని పని.

మఱి ఆటకు తగిన వస్తువు మన యొద్ద కలదా? కావలసినంత కలదు. కైవారమే నాటి ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది అచ్చటనేయనియు మన పెద్దలు చెప్పుదురు. బండెడు అన్నముతో కొండకు పోవు భీముని కథకంటె ఆటకు తగిన కథ యేది? గుడిబండ కోట యున్నది. మెట్టుమెట్టునకు చిక్కుముడి పెట్టి పై కెక్కించవచ్చును. నందికొండల వైపున పుట్టి బాగేపల్లి మీదుగా ఆంధ్రదేశమునకు పోవు చిత్రావతి యున్నది; చెఱువులు నింపుచు నీటిని పొదుపుగా ఊరూరికి చేర్చు ఆట అల్లవచ్చును.

అన్నిటికంటె మేలైనది మన పట్టుపురుగు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు పేరు వినని యిల్లు మనలో లేదు. తట్టలలో పురుగు నాలుగు మాఱులు కుబుసము విడుచును. ప్రతిమాఱును ఆకు మాని తలయెత్తి నిద్రించును. ఆ నిద్రలో కదల్పరాదు. కడపటి దశలో ఆకు మేయుట మొదలిడినచో రాత్రింబవళ్లు మల్బరీ తెచ్చి పోయుచునే యుండవలెను. వేడి ఎక్కువైన కష్టము, చలి ఎక్కువైన కష్టము. సమయము చూచి చంద్రికలమీద కెక్కించినగాని గూడు సరిగా అల్లదు. ఒక్క దినము ఏమఱినచో పంట పోయినట్లే. ఇంతటి ఉత్కంఠ, ఇంతటి లెక్క, ఇంతటి ఓర్పు గల ఆటను అమెరికావాడు ఊహింపగలడా? మన పిల్ల ఊహింపగలదు. రాత్రి రెండు గంటలకు లేచి అమ్మకు దీపము పట్టినది కాబట్టి. టొరాంటో యువకునికి ఇడ్లీ పళ్లెము ఎట్టిదో, మనకు చంద్రిక యట్టిది.

"ఇవన్నియు నిర్మించుటకు కోట్లు కావలెను గదా" అందురేమో. పెద్ద ఆటలకు నిజమే. కాని ఆటలు నిర్మించు నిపుణులు సైతము మొదట కాగితముపై గీచి, గింజలు పెట్టి ఆడి చూచుకొని, పిమ్మటనే యంత్రము జోలికి పోవుదురు. మన పూర్వులు చేసినదియు నదియే. పుణ్యమునకు నిచ్చెనలు, పాపమునకు పాములు పెట్టి వైకుంఠపాళి గీచినవారు కంప్యూటరు చూచి గీయలేదు. ఆ ఆటనే ఆంగ్లేయులు 19 వ శతాబ్దమున తమ దేశమునకు గొనిపోయి 'పాములు నిచ్చెనలు' చేసికొనిరి. ఇక కంప్యూటరు గల పిల్లలకు 'స్క్రాచ్' అను సాధనము కలదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ పిల్లల కొఱకే దానిని నిర్మించినది; 2007 నుండి అది ఉచితముగా లభించుచున్నది. అట్టముక్కలు పేర్చినట్లు ఆజ్ఞలు పేర్చి చిన్న ఆట చేయవచ్చును. విద్యార్థులు నిర్మించిన ఆటలకు ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌వారు ప్రత్యేక బహుమానమే ఇచ్చుచున్నారు. మన దేశపు ఆట నిర్మాతల వార్షిక సమావేశమును అనేక సంవత్సరములు తెలుగు నగరమైన హైదరాబాదుననే జరిగినది. దారి దూరమే గాని, లేని దారి కాదు.

కాబట్టి ప్రధానోపాధ్యాయులకును, పాఠశాల సంఘమువారికిని, తల్లిదండ్రులకును నా విన్నపము. వచ్చు వార్షికోత్సవమున పరుగు పందెము, పద్యపఠనముల ప్రక్కన ఇంకొక బహుమానమును చేర్పుడు: "పిల్లలు కల్పించిన ఉత్తమమైన తెలుగు ఆట." ముగ్గురేసి పిల్లలు ఒక జట్టుగా చేరవలెను. కాగితముమీద గాని, బండమీద గాని, కంప్యూటరుమీద గాని ఆటను నిర్మింపవచ్చును. మూడింటికి సమానమైన గౌరవ ముండవలెను. ఆట నియమములు ఒక్క పుటలో మంచి తెలుగున వ్రాయవలెను. నియమములు వ్రాయుట ఎంత కష్టమో చేసి చూచినవారికే తెలియును. ఒక్క మాట అటునిటైనను ఆట చెడును. వ్యాకరణ పాఠము పది దినములలో నేర్పలేనిది ఆ యొక్క పుట నేర్పును.

న్యాయనిర్ణేతలుగా ఉపాధ్యాయులే యుండవలదు. ఆరవ తరగతి పిల్ల నొకతెను, ఊరి అవ్వ నొకతెను కూర్చుండబెట్టుడు. ఎవ్వరు నోటితో చెప్పక, ఆ పుటను చదివి వినిపింపగా విని అవ్వ ఆడగలిగెనా, ఆ ఆట గెలిచినట్లే. అవ్వ నవ్వెనా, మొదటి బహుమానము దానికే! కన్నడము చదువు మిత్రులు చేరుదుమన్నచో సంతోషముతో పిలువుడు. అదే ఆటకు కన్నడమున ఒక పుట వ్రాయించుడు. బహుమానము గెలిచినవారు మాటాడునప్పుడు మాత్రము "ఇక ముగింపుడు" అని గంట కొట్టవలదు.

విద్యార్థులారా! మీకు ఒక్క మాట. మీరాడు ఆటను ఎవరు నిర్మించిరో, ఏ యూరివారో, తమ యింటినుండి ఏ వస్తువును అందులో దాచియుంచిరో ఒక్కమాఱు వెదకి చూడుడు. ఆ నిర్మాతలును ఒకప్పుడు మీ వయస్సువారే. మీవలెనే పెద్దలచేత తిట్లు తినియుందురు. వారికిని మీకును భేదము ఒక్కటే. వారు ఆడి విడిచిపెట్టక, "దీని నెట్లు చేసిరి?" అని అడిగిరి. ఆ ప్రశ్నను మీరును అడుగుడు, తెలుగులో అడుగుడు. ఈ సాయంకాలమే మీ యవ్వ దగ్గఱకు పోయి పులిమేక గీతలు గీయించుకొనుడు. ఆడుచుండగా ఆమె నోటివెంట వచ్చు మాటలలో మీకు తెలియనివి నోటుపుస్తకమున వ్రాసికొనుడు. మీ మొదటి ఆట ఆ పుస్తకమునుండియే పుట్టును.

తల్లిదండ్రులారా! వచ్చు సంవత్సరము మన వేదికమీదినుండి ఆ క్రొత్త బహుమానమునకు పిలుపు వచ్చినప్పుడు, వెనుక వరుసలో కన్నులొత్తుకొను తల్లి ఎవరో నాకు తెలియదు. ఆమె పట్టుపురుగులు పెంచిన తల్లి కావలెనని మాత్రము కోరుచున్నాను.